చిరునామాల పుస్తకం మూతపడిన కథ

పుట్టిన ముహూర్తమే బాగాలేదు. 2000 మార్చిలో నాస్‌డాక్ సూచీ శిఖరమెక్కి, అక్కణ్ణుంచి జారడం మొదలుపెట్టింది. డాట్‌కామ్ కంపెనీలు ఒక్కొక్కటే దుకాణం కట్టేస్తున్నాయి. అలాంటి సెప్టెంబరులో ఐబీఎం, మైక్రోసాఫ్ట్, అరీబా కలిసి ఒక ప్రకటన చేశాయి. ప్రపంచంలోని వ్యాపారాలన్నిటికీ ఒకే చిరునామాల పుస్తకం తెరుస్తున్నామన్నాయి. మనుషులు తిరగేసేది కాదు, కంప్యూటర్లు చదువుకునేది. పేరు యూనివర్సల్ డిస్క్రిప్షన్, డిస్కవరీ అండ్ ఇంటిగ్రేషన్. అంత పేరు పలికే ఓపిక ఎవరికుంటుంది? యూడీడీఐ అన్నారు. మొదటిరోజే 36 కంపెనీలు ఆ ప్రకటన వెంట నిలబడ్డాయి. ఐబీఎం, మైక్రోసాఫ్ట్ అంతటి పోటీదారులు ఒక్కమాట మీదికొచ్చారంటే ఇక తిరుగులేదనుకున్నారు అందరూ.

అప్పట్లో చెప్పుకున్న కల ఇలాంటిది. ఒక ఫ్యాక్టరీలో బేరింగులు నిండుకున్నాయి. రాత్రి రెండు గంటలు. పర్చేజ్ మేనేజరు ఇంట్లో నిద్రపోతున్నాడు. ఫ్యాక్టరీ కంప్యూటరే యూడీడీఐ తెరిచి, బేరింగులు అమ్మేవాళ్ళను వెతికి, వాళ్ళ కంప్యూటరుతో ఎలా మాట్లాడాలో అక్కడే చదువుకుని, ధర కనుక్కుని, ఆర్డరు పెట్టేస్తుంది. తెల్లారేసరికి లారీ బయల్దేరి ఉంటుంది. అంతవరకూ ఒకరి పేరు ఒకరు వినని రెండు కంపెనీల మధ్య, మనిషి చెయ్యి పడకుండా బేరం కుదిరిపోతుంది. ఇప్పుడు వింటే నవ్వొస్తుందేమో గానీ, దీన్ని నమ్మినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు.

కాకపోతే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. కంప్యూటర్లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే సోప్ 1.1 పద్ధతి ఆ ఏడాది మే నెలలోనే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ముందుకొచ్చింది. ఒక సర్వీసును ఏమేం అడగొచ్చో, ఏం జవాబిస్తుందో రాసిపెట్టే డబ్ల్యూఎస్‌డీఎల్ 1.1 అక్కడికి చేరింది 2001 మార్చిలో. పుస్తకం సిద్ధమైంది. అందులో ఎక్కాల్సిన సర్వీసులే ఇంకా పుట్టలేదు.

పుస్తకాన్ని మాత్రం ముచ్చటగా కట్టారు. కంపెనీ పేరు, ఫోను, చిరునామా ఉన్న భాగం వైట్ పేజెస్. ఏ రకం వ్యాపారమో, ఏ దేశంలోనో వర్గీకరించి చెప్పేది ఎల్లో పేజెస్. వాళ్ళ కంప్యూటరును ఎలా పలకరించాలో చెప్పేది గ్రీన్ పేజెస్. లోపల దొంతరలు నాలుగు: బిజినెస్ ఎంటిటీ, దాని కింద బిజినెస్ సర్వీస్, దాని కింద బైండింగ్ టెంప్లేట్, అది వేలుపెట్టి చూపించే టీమోడల్. మొదటి మూడూ ఎవరికైనా చెప్పగానే తెలుస్తాయి. పాఠం టీమోడల్ దగ్గరికొచ్చేసరికి క్లాసు మొత్తం మౌనం. అది ఒక్కోసారి సర్వీసు స్వరూపం, ఒక్కోసారి వర్గీకరణ పట్టిక, ఇంకోసారి మరేదో. దాన్ని ఒక్కసారి వినగానే పట్టుకున్నవాళ్ళను నేనైతే చూడలేదు.

ఒక సర్వీసు దొరకాలంటే నడిచే దారి ఇది. ముందు ఫైండ్ బిజినెస్ అని అడగాలి. పేర్ల జాబితా వస్తుంది, ఒక్కో పేరు పక్కన 36 అక్షరాల తాళంచెవి. ఆ చెవి పట్టుకుని ఫైండ్ సర్వీస్ అంటే ఇంకో చెవి ఇస్తుంది. దాన్ని పట్టుకుని వివరాలడిగితే బైండింగ్ టెంప్లేట్ వస్తుంది, అందులో యాక్సెస్ పాయింట్ అనే గడి. ఆ గడిలో ఉండేది ఒక యూఆర్ఎల్. ఇంత తిరుగుడూ ఆ ఒక్క లైను కోసం. ఎదుటి కంపెనీలో మనకు తెలిసినవాడుంటే ఆ లైను ఈమెయిల్లో రెండు నిమిషాల్లో పంపేవాడు. నిజంగా జరిగిందీ అదే.

ఈ పుస్తకం అందరికీ అందుబాటులో ఉండాలని యూడీడీఐ బిజినెస్ రిజిస్ట్రీ పేరుతో ఇంటర్నెట్‌లో పెట్టారు. ఐబీఎం, మైక్రోసాఫ్ట్ చెరొక నోడ్, అంటే పుస్తకం ప్రతి ఉండే సర్వరు, నడిపాయి. తర్వాత శాప్, జపాన్ నుంచి ఎన్‌టీటీ కమ్యూనికేషన్స్ కలిశాయి. ఒకచోట రాసింది మిగతాచోట్లకూ దానంతటదే వెళ్ళేది. అయితే ఏ నోడ్‌లో నమోదైతే ఆ నోడ్‌లోనే మార్పులు చేసుకోవాలి. పని పద్ధతిలో వంక పెట్టడానికేం లేదు. నమోదు ఉచితం.

ఆ ఉచితమే కొంప ముంచిందని నా అభిప్రాయం. వెబ్‌సైటు పేరు కొనుక్కున్నవాడు ఏటా డబ్బు కట్టాలి. కట్టకపోతే పేరు పోతుంది. అందుకే డొమైన్ పేర్ల జాబితాలో చచ్చినవి వాటంతటవే రాలిపోతాయి. యూడీడీఐలో రాలిపోయే దారి లేదు. ఖాతా తెరిచి ఎవరైనా ఏదైనా రాయొచ్చు. రాసిన కంపెనీ నిజంగా ఉందా, ఇచ్చిన యూఆర్ఎల్ పలుకుతుందా అని చూసే నాథుడు లేడు. కుర్రాళ్ళు పాఠాలు చదువుకుంటూ పెట్టిన హలో వరల్డ్ సర్వీసులు, పరీక్ష కోసం ఒకసారి పెట్టి వదిలేసినవి, దివాలా తీసిన డాట్‌కామ్‌లవి, అన్నీ అసలు వాటి పక్కనే వరసగా కూర్చున్నాయి.

ఇక ఈ కథలో నాకు ఎక్కువ బాధ కలిగించే భాగం కమిటీది. 2001 జూన్‌లో యూడీడీఐ రెండో వెర్షన్, 2002 జులైలో మూడోది వచ్చాయి. ఆ వేళకే దీన్ని ఒయాసిస్ అనే సంస్థకు అప్పగించారు. 1993లో ఎస్‌జీఎంఎల్ ఓపెన్ పేరుతో పుట్టి, 1998లో పేరు మార్చుకున్న ఆ సంస్థ పనే ఇది: పోటీ కంపెనీల ఇంజినీర్లను ఒక టెక్నికల్ కమిటీగా కూర్చోబెట్టి, అందరికీ చెల్లే స్టాండర్డు రాయించడం. అక్కడ పద్ధతులు నిదానం. టెలికాన్ఫరెన్సులు, మినిట్స్, ప్రజల అభిప్రాయాలకు గడువు, వచ్చిన ప్రతి అభ్యంతరానికీ జవాబు. మూడు సభ్య సంస్థలు మేం దీన్ని వాడుతున్నామని రాసిస్తేనే ఓటింగుకు వెళ్తుంది.

ఆ కమిటీలో కూర్చున్నవాళ్ళు లోపాలు చూడలేదనుకుంటే పొరపాటు. ఎవరు రాశారో తెలియడం లేదన్న మాటకు మూడో వెర్షన్‌లో డిజిటల్ సంతకం తెచ్చారు. అర్థంపర్థం లేని తాళంచెవుల స్థానంలో కంపెనీలు తమ డొమైన్ పేరుతో చెవులు పెట్టుకునే వీలు కల్పించారు. ఏదైనా మారితే కబురు పంపే చందా పద్ధతి పెట్టారు. అంతకుముందే, రెండో వెర్షన్‌లో ఇంకా చక్కని ఏర్పాటొకటుంది. ఫలానా పెద్ద కంపెనీ మా భాగస్వామి అని చిన్న కంపెనీ ఒకటి రాసుకుందనుకోండి. అవతలి కంపెనీ కూడా అదే మాట తనవైపు నుంచి రాస్తేనే ఆ బంధం లోకానికి కనిపిస్తుంది. ఒక్కరే రాస్తే కనిపించదు. ఎవరో చాలాసేపు ఆలోచించి రాసిన నియమం అది. మూడో వెర్షన్ మొత్తం అచ్చేస్తే 400 పేజీల పైమాటే. అందులో ఇలాంటివి ఎన్నో.

పత్రం మెరుగయ్యేకొద్దీ దాని అవసరం ఉన్నవాళ్ళు తగ్గుతూ వచ్చారు.

ఎందుకంటే, వ్యాపారంలో తెలియనివాడితో బేరం పెళ్ళి సంబంధంలాంటిది. పేరూ ఊరూ ఫోన్ నంబరూ పుస్తకంలో ఉన్నాయని ఎవరూ పిల్లనివ్వరు. మధ్యన తెలిసిన మనిషి ఉండాలి, నాలుగుచోట్ల వాకబు చెయ్యాలి. బేరింగులు కొనేవాడికి కావలసింది అమ్మేవాడి యూఆర్ఎల్ కాదు. వాడు చెప్పిన తేదీకి సరుకు పంపుతాడా, 60 రోజుల అప్పు ఇస్తాడా, నాసిరకం వస్తే వెనక్కి తీసుకుంటాడా అన్నది. ఆ గడులు నాలుగు దొంతరల్లో ఎక్కడా లేవు. ఉన్నా ఎవరు నింపాలి? మార్కెట్‌ను ఒకచోట చేర్చుదామన్న పెద్ద ప్రయత్నాలు కూడా అదే కాలంలో కూలాయి. జనరల్ మోటార్స్, ఫోర్డ్, డైమ్లర్ క్రిస్లర్ కలిసి పెట్టిన కోవిజింట్ 2004లో వేరేవాళ్ళకు అమ్ముడుపోయింది. అదే బాటలో నడిచిన కామర్స్ వన్ ఆ ఏడాదే దివాలా తీసింది.

ఒయాసిస్ ఇంట్లోనే ఇంకో రిజిస్ట్రీ కూడా పెరుగుతుండేది. ఐక్యరాజ్యసమితి వాణిజ్య విభాగంతో కలిసి 1999లో మొదలుపెట్టిన ఈబీఎక్స్ఎంఎల్‌ది అది. ఒకే గొడుగు కింద రెండు కమిటీలు, రెండు రిజిస్ట్రీలు. ఏది వాడాలో తేల్చుకోలేక వాడేవాళ్ళు తలపట్టుకున్నారు. బయట మరోవైపు గాలి మారింది. 2002లో అమెజాన్ తన సర్వీసులను సోప్‌లోనూ, మామూలు వెబ్ చిరునామాలతో పిలిచే రెస్ట్ పద్ధతిలోనూ తెరిచింది. డెవలపర్లలో ఎక్కువమంది రెండోదే పట్టుకున్నారు. సర్వీసు ఎక్కడుందో అమెజాన్ వెబ్‌సైట్లోనే రాసి ఉంది కదా, ఇంకో పుస్తకం దేనికి?

2005లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు, మన తెలుగువాడే, కంభంపాటి సుబ్బారావు తన విద్యార్థితో కలిసి, ఇంటర్నెట్‌లో బహిరంగంగా కనిపించే వెబ్ సర్వీసులను పోగేసి ఒక పరిశీలన ప్రచురించారు. పరిశోధకులు ఊహించుకున్నంత గొప్ప సర్వీసులేవీ అక్కడ లేవు. ఎక్కువ భాగం ఒక రూపంలో ఉన్న సమాచారాన్ని ఇంకో రూపంలోకి మార్చడంలాంటి చిన్నాచితకా పనులవి. రాత్రి రెండింటికి బేరింగులు కొనే కంప్యూటరు జాడ ఎక్కడా లేదు.

అదే ఏడాది ఫిబ్రవరిలో మూడో వెర్షన్‌కు ఒయాసిస్ స్టాండర్డుగా ముద్రపడింది. అయిదేళ్ళ చాకిరీ ఫలించింది. పదకొండు నెలలు తిరిగేసరికి, 2006 జనవరిలో, ఐబీఎం, మైక్రోసాఫ్ట్, శాప్ ఆ బహిరంగ రిజిస్ట్రీని మూసేశాయి. మూసేటప్పుడు చెప్పిన మాట వింటే కోపం రావాలో జాలిపడాలో తెలియదు: స్పెసిఫికేషన్ పనిచేస్తుందని నిరూపించడమే మా ఉద్దేశం, అది నెరవేరింది, 50,000కు పైగా నమోదులు చేరాయి, ఇక చాలు అన్నారు. 2000లో లోకానికి చెప్పింది ఇది కాదే! అప్పుడు ప్రపంచ వ్యాపారమంతా దీని మీదే నడుస్తుందన్నారు. ఇప్పుడేమో అది ప్రయోగమట.

ఎవరూ గొడవ చెయ్యలేదు. దాని మీద ఆధారపడిన వ్యాపారం ఒక్కటైనా ఉంటే గొడవ జరిగేది.

కంపెనీల లోపల, సొంత సర్వీసుల లెక్క చూసుకోవడానికి యూడీడీఐ కొన్నాళ్ళు బతికింది. అక్కడ అందరూ ఒకే యజమాని మనుషులు కనక వాకబు అక్కర్లేదు. 2007 చివర్లో టెక్నికల్ కమిటీ తన పని ముగిసిందని ఓటేసుకుని చెదిరిపోయింది. 2010లో మైక్రోసాఫ్ట్ ఇకముందు విండోస్ సర్వర్‌లో యూడీడీఐ ఉండదని చెప్పింది.

కమిటీలు కాలయాపన చేస్తాయని, వాళ్ళు రాసేది ఎవరికీ అర్థం కాదని వెక్కిరించేవాళ్ళు ఈ కథను ఉదాహరణగా తెస్తుంటారు. నేనొప్పుకోను. వాళ్ళకు అప్పజెప్పిన పని పుస్తకం రూపం గియ్యడం, అది గీశారు. పుస్తకాన్ని కాపలా కాసి, తప్పుడు పేర్లు కొట్టేసి, చచ్చినవాటిని తీసేయాల్సిన బాధ్యత నోడ్‌లు నడిపిన కంపెనీలది. వాళ్ళు దాన్ని ప్రచారం ఉన్నంతకాలం ఉంచుకుని తర్వాత దించేశారు.

హైదరాబాదులో అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మాత్రం యూడీడీఐకి ఇంకా చాలాకాలం చావు రాలేదు. వెబ్ సర్వీసెస్ పాఠమంటే బోర్డు మీద త్రిభుజం: ఒక మూల ఇచ్చేవాడు, ఒక మూల అడిగేవాడు, పైన రిజిస్ట్రీ. పై మూలలో ఉన్నది మూతపడిన ఏళ్ళకు కూడా కుర్రాళ్ళు నోట్సులో ఆ బొమ్మ గీసుకున్నారు. యూడీడీఐ అంటే ఏమిటన్న ప్రశ్నకు ఇంటర్వ్యూలో గడగడా చెప్పి ఉద్యోగాలు తెచ్చుకున్నారు. వాళ్ళలో దాన్ని వాడినవాళ్ళు దాదాపు లేరు. పాఠం చెప్పేవారికీ, ఇంటర్వ్యూ చేసేవారికీ ఒక విన్నపం: ఈసారి ఎవరినైనా దీని గురించి అడగాలనిపిస్తే, అది ఎలా పనిచేస్తుందని కాకుండా ఎందుకు మూతపడిందని అడగండి.