తొలికథా నిర్ణయము

తెలుగున మొదటి చిన్నకథ యేది యని యడిగిన, గురజాడ అప్పారావుగారి “దిద్దుబాటు” అని విమర్శకులు చిరకాలము బదులు చెప్పుచు వచ్చిరి. ఆ కథ 1910 ఫిబ్రవరియందు ఆంధ్రభారతి పత్రికలో వెలువడెను. అయితే భండారు అచ్చమాంబగారి “ధనత్రయోదశి” 1902లోనే హిందూసుందరి యను స్త్రీల పత్రికయం దచ్చుపడియుండెను. ఎనిమిదేండ్లు ముందు పుట్టిన కథ యేల మరుగుపడెను? స్త్రీల పత్రికలను వెదకి చదివినవా రల్పులగుటయే ముఖ్యకారణమని మా యభిప్రాయము.

కాలముచే వెనుకదైనను శిల్పముచే “దిద్దుబాటే” తొలి యాధునిక కథ యనువారు గలరు. వారి వాదము త్రోసిపుచ్చదగినది కాదు. కాని రెండింటిని ప్రక్క ప్రక్కన నుంచి చదివిన నొక విశేషము గోచరించును. రెంటను భర్త తప్పుచేయును, భార్య దిద్దును. “దిద్దుబాటు”లో కమలిని యుత్తరము వ్రాసియుంచి, మంచము క్రింద దాగి, ఉపాయముచే గెలుచును. “ధనత్రయోదశి”లో పేదయిల్లాలు పండుగనాడు భర్త తెచ్చిన యన్యాయపు సొమ్మును నిరాకరించి, యెదుట నిలిచి ధర్మము చెప్పి గెలుచును. మొదటిదానియందు భార్య చాలభాగము కనబడదు. రెండవదానియందు భార్య మాటయే కథకు ప్రాణము. సంక్షిప్తతయందును, వాడుకభాషా సౌలభ్యమునందును మేము గురజాడవారికే యగ్రతాంబూల మిత్తుము. కాని యేది మేలైనదన్నది రుచికి సంబంధించిన ప్రశ్న. ఏది ముందన్నది తేదీకి సంబంధించిన ప్రశ్న. ఈ రెండును కలగలుపుటయే విమర్శకు దోషము.

రెండు ప్రశ్నలకును మూలప్రతి చేతనుండవలయును. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును 1901లో స్థాపించిన వారిలో అచ్చమాంబగారి సోదరులు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును ఒకరు. గ్రంథాలయములకై పాటుపడిన యింటి యాడుబిడ్డ కథయే మఱపున బడుట యెంత విచారకరము! 1997లో కాళీపట్నము రామారావుగారు శ్రీకాకుళమున కథానిలయము నెలకొల్పి, కథలను, పత్రికలను కూర్చి యీ కొఱతను చాలవఱకు దీర్చిరి.

అయినను భాండాగారమునకు మొదటి మెట్టు గృహమే. మా ఉప్పలునందును, కర్మాగారముల నడుమనున్న నాచారమునందును వీధివెంట వచ్చు పాతకాగితముల వర్తకునకు పత్రికలు తూకమున బోవుచున్నవి. చదువరులారా, కట్టను తక్కెడ నుంచుటకు ముందు విప్పి చూడుడు. అందు మఱియొక అచ్చమాంబ యుండవచ్చును.