దూబగుంట నేర్పిన పాఠం

మన సంఘ సమావేశాల్లో తరచుగా వినబడే మాట ఒకటుంది. "పదిమంది టెంటు వేసుకుని కూర్చుంటే ప్రభుత్వం కదులుతుందా? జనానికే పట్టనప్పుడు మనకెందుకండీ?" అంటారు. ఈ నిరాశకు కారణం లేకపోలేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ నియోజకవర్గంలో సగంమంది ఓటర్లు కూడా పోలింగ్ కేంద్రానికి రాలేదు. అయినా ఆ మాట పూర్తిగా నిజం కాదని నా అభిప్రాయం. అందుకు నెల్లూరు జిల్లాలో జరిగిన సారా వ్యతిరేక ఉద్యమమే సాక్ష్యం.

ఈ తరం వారికి తెలియదు కనుక కొంచెం వివరిస్తాను. ఆ రోజుల్లో సారా దుకాణాలకు ఏటా వేలంపాట జరిగేది. పాడుకున్న కాంట్రాక్టరు ప్రభుత్వానికి అద్దె కట్టి, ఆ సొమ్మును పల్లెల్లో రాబట్టుకునేవాడు. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో పాకెట్ సారా వచ్చాక సరుకు ఇంటి గుమ్మం దాకా చేరింది. కూలి డబ్బు ఇల్లు చేరకముందే దుకాణానికి పోయేది. ఖజానాకు అది నికరమైన రాబడి. రాబడి పద్దును తానుగా వదులుకుంటామని ఏ శాఖా నోటు పెట్టదు. కార్యాలయంలో పనిచేసిన మనకు ఇది ఒకరు చెప్పనక్కరలేదు.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రి బడుల్లో చదువుకున్న వాచకంలో సారాకు ఎదురుతిరిగిన సీతమ్మ అనే స్త్రీ కథ ఒక పాఠం. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు ఆ పాఠం చదివి ఊరుకోలేదు. రోశమ్మ వంటివారు ముందు నిలిచారు. ఊళ్ళోకి సారా రాకుండా అడ్డుకుని, దుకాణం మూయించారు. వారి వెనుక పార్టీ లేదు, డబ్బు లేదు. ఉన్నది ఒక్క ఊరి ఆడవాళ్ళు. తరువాత వారి కథే 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమై పక్క ఊళ్ళకు చేరింది.

అసలు మలుపు 1992లో వచ్చింది. ఊళ్ళో దుకాణం మూస్తే మరో ఊళ్ళో తెరుస్తారని గ్రహించి, ఆ స్త్రీలు నేరుగా వేలంపాట దగ్గరకే వచ్చారు. నేను అప్పుడు ఆ జిల్లాలోనే గుమస్తాను. ఒక తేదీ ప్రకటించడం, జనం అడ్డుకోవడం, వాయిదా వేయడం, మళ్ళీ తేదీ ప్రకటించడం, ఇదీ వరస. పాట జరగకపోతే అద్దె లేదు, అద్దె లేకపోతే రాబడి లేదు. వినతిపత్రాలకు కదలని ఫైలు అక్కడ కదిలింది.

1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. అప్పటికి ఎన్నికలు ఏడాదికి పైగా దూరంలో ఉన్నాయన్నది గమనించాలి. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావు గారు సంపూర్ణ మద్యనిషేధం హామీతో గెలిచి, ప్రమాణ స్వీకారం నాడే ఆ ఫైలుపై సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి అది అమలులోకి వచ్చింది.

"మళ్ళీ 1997లో ఎత్తివేశారు కదా!" అని మీరు అడగవచ్చు. నిజమే. రాబడి పోయిందని, దొంగసారా, అక్రమ రవాణా పెరిగాయని ప్రభుత్వం కారణాలు చూపింది. అయితే బ్రాందీ, విస్కీ తిరిగి వచ్చాయి గాని వేలంపాటల సారా దుకాణం తిరిగి రాలేదు. దూబగుంట స్త్రీలు మొదట అడిగింది నిలిచింది. ప్రభుత్వం దానికి జోడించి ఇచ్చినది పోయింది. పోతున్నప్పుడు అడ్డుకోవడానికి 1992 నాటి జనం వీధిలో లేరు.

నాకు అర్థమైనవి రెండు. చిన్న నిరసన గెలవాలంటే కోరిక ఒక్కటై, స్పష్టంగా ఉండాలి. ప్రభుత్వ యంత్రం ఏ కీలు మీద తిరుగుతుందో తెలుసుకుని అక్కడ నిలబడాలి. ఆ కీలు ఎక్కడుందో చెప్పగలవాళ్ళం మనమే, జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపినవాళ్ళం. అలాగని ఓటు అక్కరలేదని కాదు. నిరసన తెచ్చిన జీవోను నిలబెట్టేది ఓటే. కనుక మిత్రులారా, సంఘం పిలుపునిచ్చినప్పుడు పదిమందిమే ఉన్నామని వెనుదిరగకండి. పోలింగు నాడు మోకాళ్ళ నొప్పులని ఇంట్లో కూర్చోకండి.