గండూషం – కవళం: నోటి చికిత్సలో ఒక పరిభాషాభేదం

ప్రాచీన వైద్యగ్రంథాలు ముఖశుద్ధిని దినచర్యలోనూ, ముఖరోగచికిత్సలోనూ వేర్వేరుగా చర్చించాయి. సుశ్రుతసంహిత చికిత్సాస్థానం 24వ అధ్యాయం ప్రకారం పందుంపుల్ల 12 అంగుళాల పొడవు, చిటికెనవేలి లావు ఉండాలి. చేదు పుల్లల్లో వేప, వగరు పుల్లల్లో చండ్ర శ్రేష్ఠం. అయితే నోటిపూత, గొంతు, అంగిలి వ్యాధులు ఉన్నవారికి పుల్ల నిషిద్ధం.

ఆ గ్రంథమే నిదానస్థానంలో 7 స్థానాలలో పుట్టే 65 ముఖరోగాలను పేర్కొంది. వాటి చికిత్సలో గండూష, కవళాలకు ప్రముఖస్థానం ఉంది. ఈ రెంటి భేదం ద్రవ్యంలో కాక పరిమాణంలో ఉంది. నోటిలో సులభంగా కదిలించగలిగినంత తీసుకుంటే కవళం; కదిలించ వీలులేనంత నింపితే గండూషం. కఫంతో నోరు నిండి, కంటా ముక్కునా నీరు కారేవరకు గండూషాన్ని పట్టి ఉంచాలి. అష్టాంగహృదయం సూత్రస్థానం 22వ అధ్యాయం దీనిని స్నిగ్ధ, శమన, శోధన, రోపణాలని నాలుగుగా విభజించింది. పుండు మాన్పడం రోపణం పని.

ఈ భేదాన్ని చెప్పగల మాటలు తెలుగులో ఉన్నాయి. ‘పుక్కిలించు’లో కదలిక ఉంది, ‘పుక్కిటపట్టు’లో నిలుపుదల ఉంది. రెంటినీ ‘పుక్కిలింత’ అంటే శాస్త్రార్థం చెడుతుంది. నేటి ‘ఆయిల్ పుల్లింగ్’లో నూనెను కదిలిస్తారు కనుక, దానిని గండూషమనడం ఈ నిర్వచనానికి పొసగదు. వైద్యగ్రంథాల అనువాదంలో క్రియాపదం ఎంపిక చికిత్సావిధానాన్నే నిర్ణయిస్తుంది.