గుడారంలో గృహప్రవేశం

పెళ్ళిచూపులంటే ఒకప్పుడు ఆడపిల్లలకి హడలు. ఆ హడలు పెళ్ళితో తీరిపోతుందనుకుంటాం. తీరదండీ! అద్దె ఇంటికోసం బయల్దేరిన రోజున మళ్ళీ మొదలవుతుంది. ఈసారి పక్కన మొగుడు కూడా తలొంచుకుని నిలబడతాడు, అదొక్కటే తేడా.

2004లో మేం హైదరాబాదులో కాపరం పెట్టాం. పెట్టాం అనడం తప్పు, పెట్టాలనుకున్నాం. మావారికి ఓ ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం. జీతం మాత్రం నెలాఖరుకి కాక యాజమాన్యం వారికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. అద్దెకింద మేం అనుకున్నది రెండువేలు. మరీ సాగదీస్తే ఇంకో మూడొందలు. ఆదివారం వస్తే చాలు, స్కూటరెక్కి నల్లకుంట, విద్యానగర్, చిక్కడపల్లి సందులన్నీ జల్లెడ పట్టేవాళ్ళం. "టు-లెట్" బోర్డు కనిపిస్తే మావారు అద్దె ఎంతని అడిగేవారు. నేను కుళాయి ఎక్కడుందో, వంటింటి గట్టు ఎంతుందో చూసేదాన్ని.

ఇల్లు మేం చూసేలోపలే ఇల్లుగలవాళ్ళు మమ్మల్ని చూసేసేవారు. ఎంతమంది ఉంటారు? చుట్టాలొస్తారా? మేకులు కొడతారా? రాత్రి ఎన్నింటికి గేటు వేస్తారు? అన్నిటికీ వినయంగా జవాబు చెప్పేవాళ్ళం. చివరికి, కాఫీలో చక్కెర సరిపోయిందా అన్నంత మామూలుగా, ఆ ప్రశ్న వచ్చేది. "ఇంతకీ మీరేవిట్లు?"

మాది కులాంతర వివాహం. ఒక ప్రశ్నకి మా దగ్గర రెండు జవాబులున్నాయి. ఆయన జవాబు చెబితే కొందరికి నచ్చదు, నా జవాబు చెబితే మరికొందరికి నచ్చదు. రెండూ చెబితే ఎవరికీ నచ్చదు. "మా అబ్బాయితో ఓ మాట అనుకుని కబురు చేస్తాం" అనేవారు. ఆ కబుర్లు ఇరవై ఏళ్ళు దాటినా ఇంకా రాలేదు.

అలా ఐదో ఆదివారం కాళ్ళీడ్చుకుంటూ వచ్చి అమ్మమ్మ దగ్గర కూలబడ్డాను. అప్పటికి ఆవిడకి అరవై తొమ్మిదేళ్ళు. నా గోడంతా విని, "గోడలున్న ఇల్లు కావాలంటే అంతేనే అమ్మాయ్! మేం గుడారంలో గృహప్రవేశం చేశాం, మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు" అంది.

ఆ గుడారం సంగతి చెప్పాలంటే కాస్త చరిత్రలోకి వెళ్ళాలి. భయపడకండి, ఈ చరిత్రలో కూడా ఇళ్ళే ఉన్నాయి.

మొదటి ఇల్లు మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది. ఆంధ్రపత్రిక పెట్టిన మహానుభావుడు. తలనొప్పికి మనం రాసుకునే అమృతాంజనం కూడా ఆయనదే. ఆ ఇంటిపేరు శ్రీబాగ్. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ పెద్దలు ఆ ఇంట్లో కూర్చుని ఓ ఒడంబడిక చేసుకున్నారు. ఆంధ్రరాష్ట్రం వస్తే రాజధాని, హైకోర్టు రెండూ ఒకేచోట ఉండకూడదనీ, ఏది కావాలో ఎంచుకునే హక్కు రాయలసీమదనీ అందులో రాసుకున్నారు. ఇంటిపేరే ఒడంబడికకీ స్థిరపడింది.

రెండో ఇల్లు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారిది. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షకి కూర్చున్నది ఆ ఇంట్లోనే. డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణం పోయింది. దాంతో ఆంధ్రరాష్ట్రం ఇవ్వక తప్పలేదు. మద్రాసు నగరం మాత్రం మనకి దక్కలేదు. శ్రీబాగ్ మాట ప్రకారం కర్నూలు రాజధాని అయింది. 1953 అక్టోబరు 1న నెహ్రూగారు వచ్చి ప్రారంభోత్సవం చేశారు. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి.

ఇంతవరకూ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. రాజధాని అంటే మంత్రులే కాదుగదా! ఫైళ్ళున్నాయి, ఫైళ్ళు మోసే బంట్రోతులున్నారు, వాటిమీద రాసే గుమాస్తాలున్నారు. ఆ గుమాస్తాలకి పెళ్ళాలున్నారు. మద్రాసులో ఒక గది, ఒక వంటిల్లు ఉన్న వాటాలో, ఉమ్మడి కుళాయి దగ్గర బిందె వరసలో నిలబడి సంసారం నేర్చుకున్న మా అమ్మమ్మ వాళ్ళలో ఒకతె. అప్పుడావిడ వయసు పద్దెనిమిది. తాతయ్య సచివాలయంలో గుమాస్తా.

కర్నూలు తుంగభద్ర ఒడ్డున జిల్లా కేంద్రంగా తన మానాన తానున్న ఊరు. దాని నెత్తిన ఒక్కసారిగా ఒక ప్రభుత్వం వచ్చి పడింది. ఆఫీసులకే చోటు చాలక డేరాలు వేశారు. ఉద్యోగులకీ డేరాలే. అందుకే దాన్ని గుడారాల రాజధాని అన్నారు. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అన్న పేర్లు ఆ ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాయి. అవి ఆ రోజుల గుర్తులే.

చాలామంది భార్యల్ని సొంతూళ్ళకి పంపేశారుట. అమ్మమ్మ మాత్రం వెళ్ళనంది. "అత్తగారింట్లో గోడలమధ్య ఉండడంకంటే మొగుడితో గుడ్డకింద ఉండడం నయం కాదటే?" అని నన్నే అడిగింది. ఏం చెప్పను!

గుడారంలో చేరేముందు వాళ్ళూ ఇళ్ళకోసం తిరిగారు. మట్టిమిద్దెలు, నాపరాళ్ళ అరుగులు, వీధికి చిన్న తలుపు. తాతయ్య అద్దెకిచ్చుకోగలిగింది పదిహేను రూపాయలు. నిన్నమొన్నటిదాకా ఆ డబ్బుకి అక్కడ మంచి ఇల్లే దొరికేదిట. ఊళ్ళోకి ఇన్ని సంసారాలు ఒకేసారి వచ్చి పడేసరికి పదిహేను కాస్తా ముప్పై అయింది. ఊరివాళ్ళని తప్పుపట్టి లాభంలేదు. సంతలో కూరలు తక్కువై, కొనేవాళ్ళు ఎక్కువైతే మనం బేరం ఆడగలమా? ఓ ముసలాయన ఇరవైకి ఇస్తానని, వెంటనే కులం, గోత్రం, ఇంటిపేరు అడిగాడట. అన్నీ చెబితే, "మద్రాసు నీళ్ళు తాగొచ్చినోళ్ళు, మడీ ఆచారం ఏం నిలుపుకొనుంటార్లే!" అన్నాడట. తాతయ్యకి కోపమొచ్చింది. అమ్మమ్మ ఆయన చొక్కా అంచు పట్టుకుని ఇవతలకి లాక్కొచ్చింది. ఆ రాత్రే డేరాలో పాలు పొంగించింది.

డేరాకి తలుపు లేదు, గడియ లేదు. పొయ్యి బయట. గాలి వస్తే కాగడా పెట్టినా అన్నం ఉడకదు. వానొస్తే బియ్యం డబ్బా మంచమెక్కేది, మనుషులు నిలబడేవారు. ఇహ కర్నూలు ఎండ సంగతి చెప్పక్కర్లేదు, రోళ్ళు పగులుతాయి. మధ్యాహ్నంపూట తడిబట్ట నెత్తిన వేసుకుని చెట్టు ఎక్కడుంటే అక్కడికి పోయేవారు.

ఒకరాత్రి ఈదురుగాలికి డేరా మేకులు ఊడి గుడ్డ మొత్తం వాళ్ళమీద పడిపోయింది. తాతయ్య ఊళ్ళో లేరు. చీకట్లో ఊపిరాడక కేకలేస్తుంటే పక్కడేరావాళ్ళు వచ్చి లాగారు. ఆ పక్కడేరా ఆవిడ తమ డేరాలో పడుకోబెట్టి, మంచినీళ్ళిచ్చి, పొద్దున్నే వేడివేడి జొన్నరొట్టె పెట్టింది. వాళ్ళదే కులమో అమ్మమ్మకి తెలుసు. మద్రాసులోనైతే ఆవిడ చేతి నీళ్ళు పుచ్చుకునేది కాదు. "ఆ రొట్టె రుచి ఇంకా నాలిక్కుందే" అంది.

"మరి ఆ తర్వాత?" అన్నాను.

అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు.

ఆ తర్వాత 1956 నవంబరు 1 వచ్చింది. తెలంగాణాతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. హైదరాబాదు రాజధాని అయింది. మూడేళ్ళ ఒక నెలకి కర్నూలు రాజధానిగిరీ ముగిసిపోయింది. ఫైళ్ళు, బంట్రోతులు, గుమాస్తాలు, బిందెలు, మళ్ళీ ప్రయాణం.

హైదరాబాదుకి ఇళ్ళ కష్టం కొత్తకాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఎన్నో వేల ఇళ్ళు కొట్టుకుపోయాయి. ఆ దెబ్బతోనే 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి, ఇరుకు బస్తీలు తీసి, కొత్త రోడ్లూ కొత్త ఇళ్ళూ కట్టించారు. అలాంటి నగరంలో మావాళ్ళు మళ్ళీ ఇంటివేట మొదలుపెట్టారు. ఇక్కడ అద్దె కాదు, కిరాయి. చిక్కడపల్లిలో ఒక ఇల్లుగలావిడ మొహంమీదే అందిట, "మీరొచ్చినంక కిరాయిలు పెరిగినయమ్మా" అని. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేముంది? కర్నూలులో జరిగిందే ఇక్కడా జరిగింది. వచ్చినవాళ్ళకి ఇల్లు లేని బాధ, ఉన్నవాళ్ళకి ఊరు మారిపోతున్న బాధ. ఆ రెండో బాధ ఎంత లోతైనదో తర్వాతి చరిత్ర చెప్పింది.

అద్దెల సంగతి సర్కారుకి పట్టలేదనుకోకండి. హైదరాబాదులో 1954లోనే అద్దెల అదుపు చట్టం వచ్చింది. 1960లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ ఒకటి వచ్చింది. ఇల్లు ఖాళీ అయితే ఇంటివారు అధికారికి తెలియజేయాల్సి ఉండేది. ప్రభుత్వం దాన్ని తన ఉద్యోగికి ఇప్పించుకునే వీలుండేది. న్యాయమైన అద్దె తేల్చడానికి 1944 ఏప్రిల్ 5కి ముందు ఏడాదిలో ఆ పేటలో ఉన్న అద్దెలు చూడాల్సి వచ్చేది. 1960లో ఇల్లు తీసుకుని యుద్ధకాలంనాటి అద్దె అడిగితే ఎవరికి కడుపు మండదు! అడ్వాన్సు ఒక నెల అద్దె మించకూడదని కూడా ఉండేది. ఇన్ని లెక్కలు రాసిన ఆ చట్టం "మీరేవిట్లు?" అన్న ప్రశ్న జోలికి మాత్రం పోలేదు. అసలు ఇల్లు ఇవ్వనన్న మనిషిని అద్దె లెక్క ఏం చేస్తుంది?

చివరికి నల్లకుంటలో రెండుగదుల వాటా దొరికింది. తాతయ్య తమ కులం, గోత్రం చెప్పారు. ఇంటివారికి నచ్చాయి. పక్కనున్న మరో వాటాకి, కర్నూలు పక్కడేరావాళ్ళు వచ్చి అడిగారు. ఇంటావిడ అమ్మమ్మని పిలిచి, "వాళ్ళు మీకు తెలుసటగా, ఏవిట్లు?" అంది.

"చెప్పేశానే" అంది అమ్మమ్మ. "అబద్ధం కాదుగదా, అడిగింది, చెప్పాను. వాళ్ళకి ఇల్లివ్వలేదు. ఆవిడ నావంక చూసి వెళ్ళిపోయింది. మళ్ళీ కనబడలేదు."

నలభై ఎనిమిదేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట అది. మా పెళ్ళప్పుడు మొహం ముడుచుకుని, అక్షింతలు విసిరేసినట్టు వేసిన అమ్మమ్మ, ఆ మాట చెప్పి కొంగుతో కళ్ళొత్తుకుంది. "గుడ్డగోడ ఉన్నప్పుడు మనుషులం. ఇటుకగోడ రాగానే మళ్ళీ మొదలెట్టాం" అంది.

మరుసటి ఆదివారం, వద్దంటున్నా వినకుండా, మోకాళ్ళ నొప్పులతో ఆటో ఎక్కి మాతో వచ్చింది. విద్యానగర్‌లో మొదటి ఇంట్లోనే ప్రశ్న ఎదురైంది. నేనూ మావారూ మొహాలు చూసుకునేలోపల అమ్మమ్మ అందుకుంది.

"అద్దె ఒకటో తారీఖున ఇచ్చేవాళ్ళం తల్లీ, అదే మా కులం."

సినిమాల్లోలాగా ఆవిడ కళ్ళు తెరుచుకున్నాయనుకుంటున్నారేమో! తెరుచుకున్నది గేటు, మేం బయటికి పోవడానికి. రెండో ఇంట్లోనూ అంతే. నాలుగో ఇంట్లో ఓ రిటైరైన టీచరుగారు ఒక్కర్తే ఉన్నారు. అమ్మమ్మ మాట విని పెద్దగా నవ్వి, "ఒకటో తారీఖు కాకపోతే ఐదో తారీఖు అమ్మా, నేనూ జీతంమీద బతికినదాన్నే" అన్నారు. రెండువేల మూడొందలు. కుళాయి వంటింట్లోనే ఉంది. ఆ ఇంట్లో ఏడేళ్ళున్నాం. అమ్మమ్మ పోయింది కూడా మేం ఆ ఇంట్లో ఉండగానే.

కథ ఇక్కడితో ఆపేస్తే నేను చాలా మంచిదాన్నని మీరనుకుంటారు. ఆపడానికి వీల్లేదు.

ఇప్పుడు మాకు బ్యాంకు అప్పుతో కొన్న చిన్న ఫ్లాటొకటి ఉంది. మావారి ఉద్యోగరీత్యా వేరేచోట ఉంటున్నాం కాబట్టి దాన్ని అద్దెకిస్తున్నాం. క్రిందటేడు ఓ కొత్త జంట చూడడానికి వచ్చారు. అబ్బాయి అద్దె తగ్గుతుందేమో అడుగుతున్నాడు. అమ్మాయి వంటింటి గట్టుని జానతో కొలుచుకుంటోంది. నాకు ముచ్చటేసింది. అదేం పాడు నాలికో, ముచ్చట వెనకాలే "ఇంతకీ మీరే..." అనేశాను.

ఇద్దరూ నావంక చూశారు. ఆ పిల్ల చెయ్యి గట్టుమీద అలాగే ఆగిపోయింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ళ క్రితం నా మొహంమీద ఉన్నదే.

"మీరే చూసుకోండమ్మా, నీళ్ళు పొద్దున్న ఆరింటికి వదుల్తారు, ఏడింటికల్లా ఆగిపోతాయి. బిందెలు ఎక్కువ ఉంచుకోవాలి" అన్నాను.

ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంది. మా మూడు తరాల్లో ఆ ప్రశ్న మధ్యలో ఆగడం అదే మొదలు. అయినా గొంతుదాకా వచ్చిందిగా! అదే నా సిగ్గు.