బ్యూర్నూఫ్ అను ఇంటిపేరు

ఇంటిపేరు పెద్దలనుండి సంక్రమించును. విద్య అట్లు సంక్రమించుట అరుదు. ఫ్రాన్సు దేశమందలి బ్యూర్నూఫ్ కుటుంబమున ఈ రెండును కలిసివచ్చినవి.

జాన్ లూయీ బ్యూర్నూఫ్ (1775–1844) గ్రీకు, లాటిన్ భాషలలో పండితుడు. ఆయన గ్రీకు వ్యాకరణము ఫ్రెంచి పాఠశాలలలో బహుకాలము ప్రచారమున నుండెను. కుమారుడు యూజెన్ (1801–1852) ఆ శిక్షణను ప్రాచ్యభాషలకు మరల్చెను. 1832లో కాలేజ్ ద ఫ్రాన్స్‌లో సంస్కృతాచార్యుడయ్యెను. మన పోతన తెనిగించిన భాగవతమునకు మూలమైన పురాణమును 1840 నుండి ఫ్రెంచి అనువాదముతో ప్రకటింపసాగెను.

అయినను ఆయన కీర్తికి ముఖ్యకారణము వేరు. భారతభూమిలో చాలవరకు అడుగంటిన సంస్కృత బౌద్ధగ్రంథములు నేపాళమున నిలిచియుండెను. అచటి ఆంగ్లేయ రెసిడెంటు హాడ్జ్‌సన్ వాని ప్రతులను సేకరించి కలకత్తా, లండను, పారిస్ నగరములకు పంపెను. 1837లో పారిస్ చేరిన ప్రతులను యూజెన్ అటక కెక్కింపక, పట్టుదలతో చదివెను. 1844లో భారత బౌద్ధమత చరిత్రకు ఉపోద్ఘాతము వెలువరించెను. ఆయన చేసిన సద్ధర్మపుండరీకానువాదము 1852లో, ఆయన మరణానంతరము వెలువడెను. ఇంతచేసిన ఆ పండితుడు మన దేశమున ఎన్నడును అడుగిడినవాడు కాడు!

జ్ఞాతియగు ఎమిల్ (1821–1907) సంస్కృత–ఫ్రెంచి నిఘంటువును కూర్చెను. 1845లో యూజెన్ పాఠములు విన్న మాక్స్‌ముల్లర్, సాయణభాష్యసహితముగా ఋగ్వేదమును 1849–1874 నడుమ ప్రకటించెను. ఇంటిపేరు వేరైనను ఇతడును ఆ విద్యకు వారసుడే.

గ్రంథమును దాచినవాడు దానిని బ్రదికించును. చదివినవాడు దానిచే మాటాడించును. మన అటకలపైని తాటాకు కట్టలను చూచినపుడెల్ల ఈ కుటుంబమును తలచుకొనవలసియున్నది.