వెనక కంటికి మసకెందుకు?

రివర్స్ గేరు పడగానే కారు తెర మీద వెలిగే మసక బొమ్మ చాలా బండ్లలో పాతకాలపు టీవీ బొమ్మే. ఇది మాటవరసకు అన్నది కాదు. 525 అడ్డగీతలతో బొమ్మను కూర్చే ఎన్‌టీఎస్‌సీ పద్ధతిని అమెరికా 1941లో టీవీ ప్రసారాలకు ఖాయం చేసింది. 1953లో దానికి రంగులు అద్దింది. 2009 జూన్ 12న ఆ దేశపు పెద్ద స్టేషన్లన్నీ దానికి స్వస్తి చెప్పాయి. ముందుగదిలోంచి వెళ్లిపోయిన ఆ సంకేతం కారు డిక్కీలో మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్లకేళ్లు కాపురం చేసింది. జేబులోని ఫోను కోట్ల పిక్సెళ్లతో ఫొటో తీస్తుంటే, లక్షలు పోసి కొన్న కారులో వెనకున్న గోడ చుక్కలు చుక్కలుగా కనిపించడానికి ఇది ఒక కారణం. తక్కిన కారణాలు చట్టంలో, లెన్స్‌లో, చీకట్లో, బురదలో చెదిరి ఉన్నాయి.

నిజానికి వెనక్కి చూసే సాధనానికి మసక కెమెరాతో పుట్టిన జబ్బు కాదు. 1911 మే 30న ఇండియానాపోలిస్‌లో జరిగిన మొదటి 500 మైళ్ల పందెంలో రే హారన్ ‘మార్మన్ వాస్ప్’ అనే ఒంటి సీటు కారు నడిపాడు. తక్కినవాళ్ల పక్కన ఒక్కో మెకానిక్ కూర్చుని వెనక ఎవరొస్తున్నారో చెబుతుండేవాడు. తెలుగునాట లారీ వెనక నిలబడి బాడీ మీద చరుస్తూ ‘రానీ, రానీ’ అనే క్లీనర్‌ది కూడా అదే కొలువు. హారన్‌కు ఆ మనిషి లేకపోవడం ప్రమాదమని పోటీదారులు అభ్యంతరం చెప్పారు. ఆయన స్టీరింగ్ ముందు ఒక అద్దం బిగించుకుని ఆ పందెం గెలిచాడు. ఇటుకలు పరిచిన ట్రాక్ మీద ఆ అద్దం ఒకటే వణికిందనీ, అందులో తనకేమీ కనబడలేదనీ తర్వాతెప్పుడో ఒప్పుకున్నాడు. కార్ల చరిత్రలో పేరుమోసిన మొట్టమొదటి వెనుక అద్దం ఏమీ చూపించకుండానే పేరు తెచ్చుకుందన్నమాట.

అద్దం స్థానంలో కెమెరా పెట్టాలన్న ఊహ 1956 నాటిది. ఆ ఏడాది జనరల్ మోటార్స్ తన మోటోరామా ప్రదర్శనలో ‘బ్యూయిక్ సెంచూరియన్’ అనే నమూనా కారును నిలబెట్టింది. దాని పైకప్పు గాజు బుడగలా, తోక జెట్ విమానాన్ని తలపించేలా ఉండేవి. వెనుక అద్దం అసలే లేదు. తోకలో అమర్చిన టీవీ కెమెరా బొమ్మను డ్యాష్‌బోర్డు మీది తెరకు పంపే ఏర్పాటు ఉంది. 1972లో వోల్వో తన ప్రయోగాత్మక భద్రతా కారులోనూ వెనక కెమెరా పెట్టింది. రెండూ అమ్మకానికి రాలేదు. వాక్యూమ్ ట్యూబుల కెమెరా బరువూ, ధరా, ఎండకూ కుదుపుకూ తట్టుకోలేని దాని గుణమూ మామూలు కారుకు సరిపడేవి కావు.

దారి చూపింది సీసీడీ అనే చిన్న సిలికాన్ పలక. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విలర్డ్ బోయిల్, జార్జ్ స్మిత్ దాన్ని కనిపెట్టారు. నలభై ఏళ్ల తర్వాత, 2009లో, వారికి నోబెల్ బహుమతి వచ్చింది. 1991లో టయోటా జపాన్‌లో అమ్మిన ‘సోరర్’ కారు ఖరీదైన రకంలో వెనక స్పాయిలర్‌లో సీసీడీ కెమెరా ఇమిడింది. 2002 మోడల్‌గా వచ్చిన ఇన్ఫినిటీ క్యూ45తో అది అమెరికా కొనుగోలుదారులకు పరిచయమైంది. అప్పటికి అది విలాసం. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందని అడిగినవారు తక్కువ. బొమ్మ రావడమే గొప్ప.

ఆ విలాసం విధిగా మారడం వెనక ఒక విషాదం ఉంది. 2002లో న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్‌లో ఒక తండ్రి తన ఇంటి ముందే ఎస్‌యూవీని వెనక్కి తీస్తుండగా రెండేళ్ల కొడుకు దాని కింద పడి చనిపోయాడు. అలాంటి బండ్లు ఎత్తుగా ఉండటంతో వెనక అద్దం కిందినుంచి మొదలయ్యే మరుగు చిన్నపిల్లలను పూర్తిగా మింగేస్తుంది. ఎంత జాగ్రత్తపరుడైనా చూడలేడు. ఆ బాబు పేరు మీదే వచ్చిన కామెరాన్ గుల్‌బ్రాన్సెన్ పిల్లల రవాణా భద్రతా చట్టం మీద 2008 ఫిబ్రవరి 28న అధ్యక్షుడు జార్జి బుష్ సంతకం చేశారు. నియమాలు 2011 కల్లా రావలసింది. వాయిదాల మీద వాయిదాలు పడి, వ్యవహారం కోర్టుకెక్కిన తర్వాత, 2014 మార్చి 31న వచ్చాయి. బండ్లు వెనక్కి తీసేటప్పుడు మనుషుల మీదికెక్కిన ప్రమాదాల్లో ఏటా 210 మంది చనిపోతున్నారనీ, 15 వేల మంది గాయపడుతున్నారనీ, మృతుల్లో 31 శాతం ఐదేళ్లలోపు పిల్లలనీ అమెరికా రహదారి భద్రతా సంస్థ అప్పట్లో లెక్క చెప్పింది. 10 వేల పౌండ్లలోపు కొత్త బండ్లన్నిటికీ 2018 మే 1 నుంచి వెనుక కెమెరా తప్పనిసరైంది.

బొమ్మ నాణ్యత కథ ఈ నియమం దగ్గరే మలుపు తిరుగుతుంది. కారు వెనక 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న నేల కనబడాలని నియమం చెప్పింది. రివర్స్ వేసిన 2 సెకన్లలో బొమ్మ రావాలంది. తెరకు ఎన్ని పిక్సెళ్లు ఉండాలో మాత్రం చెప్పలేదు. దాని బదులు ఒక పరీక్ష పెట్టింది. సుమారు 80 సెంటీమీటర్ల ఎత్తు, 30 సెంటీమీటర్ల మందం ఉన్న స్తంభాలను, అంటే ఏడాదిన్నర పిల్లవాడి పరిమాణంలో ఉన్నవాటిని, కారు వెనక నిలబెట్టాలి. అన్నిటికంటే దూరాన ఉన్న మూడు స్తంభాల వెడల్పు డ్రైవరు కంటికి సగటున 5 నిమిషాల కోణంలో కనబడితే చాలు. నిమిషమంటే ఇక్కడ గడియారపు నిమిషం కాదు, డిగ్రీలో 60వ వంతు. తెర కంటికి 70 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే 5 నిమిషాల కోణం తెర మీద దాదాపు ఒక మిల్లీమీటరు. బియ్యపు గింజ మందమైనా లేని నిలువు గీతగా పిల్లవాడు కనబడితే చట్టం దృష్టిలో కెమెరా పాసైనట్టే.

పరీక్ష జరిపే వెలుతురు సంగతి ఇంకా ఆసక్తికరం. పై నుంచి సమంగా పడే 7 వేల నుంచి 10 వేల లక్సుల కాంతిలో దాన్ని జరపాలి. అది మబ్బు పట్టిన పగటి వెలుగుకు దగ్గర. వీధి దీపం కింద రోడ్డు మీద వెలుతురు ఇరవై లక్సులు దాటడం అరుదు. చీకటి చట్టపు కొలతల్లోకి రాలేదు. వెనక ఏదైనా ఉందా లేదా అన్న ప్రశ్నకు జవాబు దొరికితే చాలు, అది ఏమిటన్న ప్రశ్న అనవసరం అన్నది ఈ కొలతల సారాంశం. ప్రాణరక్షణ కోణంలో ఆ తర్కం తప్పేమీ కాదు. కెమెరా ఉన్న బండ్లలో పోలీసు రికార్డులకెక్కిన రివర్స్ ప్రమాదాలు 17 శాతం తగ్గాయని అమెరికా బీమా కంపెనీల రహదారి భద్రతా సంస్థ అధ్యయనం తేల్చింది. అయితే కనీస హద్దు అంత కిందుగా ఉన్నప్పుడు, బేరమాడే కంపెనీ దాన్ని దాటి ఖర్చు పెడుతుందా? అప్పటికే తెర ఉన్న కారుకు కెమెరా చేర్చడానికి 43 నుంచి 45 డాలర్లు అవుతుందని అధికారుల అంచనా. ఆ ధరలో దొరికేది ఆ ధరకు తగ్గట్టే ఉంటుంది.

దొరికింది 640 నిలువు వరుసలు, 480 అడ్డవరుసల సెన్సరు. మొత్తం 3 లక్షల పైచిలుకు పిక్సెళ్లు. వాటి ముందు 130 డిగ్రీలకు అటూఇటూగా చూడగల వెడల్పు లెన్స్. 640 పిక్సెళ్లను 130 డిగ్రీలకు పంచితే డిగ్రీకి దక్కేది ఐదే. ఆరోగ్యమైన మనిషి కన్ను డిగ్రీకి 60 దాకా విడదీసి చూడగలదు. ఫోను ప్రధాన కెమెరా 70 డిగ్రీల లోపు దృశ్యాన్నే 4 వేల వరుసల్లో నింపుతుంది కనుక అదీ కంటికి సమానంగా నిలుస్తుంది. కారు కెమెరా ముందు 6 మీటర్ల దూరంలో నిలబడ్డ పిల్లవాడికి అడ్డంగా వచ్చేది 14 పిక్సెళ్లు. ముఖానికి ఐదో ఆరో. ఆ ఐదారింటిలో కన్నూ ముక్కూ వెతకడం వృథా శ్రమ. పైగా ఇంత వెడల్పైన లెన్స్ సరళరేఖలను విల్లులా వంచుతుంది, దగ్గరివాటిని ఉబ్బించి దూరపువాటిని కుదించేస్తుంది. తెర మీద పసుపు, ఎరుపు గీతలు గీయవలసి వచ్చింది అందుకే: ఆ బొమ్మ చూసి దూరం అంచనా వేయడం ఎవరి తరమూ కాదు. ఎడమ కుడులు అద్దంలో మాదిరిగా రావడానికి బొమ్మను తిరగేసి చూపడం మరో ఏర్పాటు.

ఈ బొమ్మ తెరకు చేరే దారిలోనే పాత టీవీ ప్రవేశిస్తుంది. వెలుతురూ రంగూ కలగలిపి ఒకే తీగలో పంపే పద్ధతి అది. ఆ రెండిటిలో ఒకదాని సమాచారం మరొకదానిలోకి ఒలుకుతుంది. చారల చొక్కా మీద లేని ఇంద్రధనుస్సు మెరవడం, రంగుల అంచుల్లో చుక్కలు పాకడం ఆ ఒలకబోతే. బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి పంపుతుంది కాబట్టి కదిలే వస్తువు అంచు దువ్వెన పళ్లలా చీలుతుంది. యాంటెన్నా తిప్పుతూ దూరదర్శన్ చూసిన తరానికి ఇవన్నీ పాత చుట్టాలే.

అయినా ఇంజనీర్లు దాన్ని వదలకపోవడం బద్ధకం వల్ల కాదు. పన్నెండు వోల్టులు అందిన క్షణంలోనే పాత కెమెరా బొమ్మ పంపుతుంది. 2 సెకన్ల నియమానికి అది అచ్చంగా సరిపోతుంది. కెమెరా చూసిన గీత చూసినట్టే తెరకు చేరుతుంది గనుక ఆలస్యం దాదాపు ఉండదు. బొమ్మను కుదించి, పంపి, మళ్లీ విప్పే డిజిటల్ పద్ధతిలో సెకనులో ఐదో వంతు ఆలస్యమైందనుకున్నా, గంటకు 5 కిలోమీటర్ల వేగంతో వెనక్కి వెళ్లే కారు ఆలోపు 28 సెంటీమీటర్లు జరిగిపోతుంది. అందమైన బొమ్మలో దూరంగా ఉన్న స్తంభం అప్పటికే బంపర్‌కు తగిలి ఉంటుంది. పైగా కారు నమూనా ఖరారై రోడ్డెక్కడానికి నాలుగైదేళ్లు పడుతుంది, ఆ తర్వాత మరి కొన్నేళ్లు అదే అమ్ముతారు. కొన్న రోజునే కారు తెర పదేళ్ల నాటి వస్తువులా కనిపించడంలో వింత లేదు. సన్నని కోయాక్సియల్ తీగలో కుదించని డిజిటల్ బొమ్మను పంపే చిప్పులు చవకబడ్డాకే 1280 వరుసల, 10 లక్షలకు దగ్గరి పిక్సెళ్ల కెమెరాలు మధ్యతరగతి కార్లకు దిగాయి.

రాత్రి బొమ్మలో కనిపించే గరుకు వేరే సంగతి. సెకనుకు 30 బొమ్మలు తీయాలంటే ఒక్కో బొమ్మకు వెలుతురు పట్టుకునే వ్యవధి సెకనులో 30వ వంతుకు మించదు. చిటికెన వేలి గోరంత లెన్స్ ఆ వ్యవధిలో పట్టేది స్వల్పం. దాన్ని ఎలక్ట్రానిక్‌గా పెంచితే బొమ్మతో పాటు సెన్సరులోని సొంత రొద కూడా పెరిగి, ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి. రివర్స్ లైట్లు బలంగా ఉన్న బండిలో అదే కెమెరా మెరుగ్గా పనిచేస్తుంది.

భారతదేశం కెమెరాను తప్పనిసరి చేయలేదు. 2019 జులై 1 నుంచి కొత్త కార్లన్నిటికీ రివర్స్ పార్కింగ్ సెన్సర్లు ఉండాలన్నది ఇక్కడి నియమం. బీప్ బీప్ అంటే చాలు. దాంతో పై వేరియంట్లకు కంపెనీ కెమెరా, కింది వేరియంట్లకు కార్ డెకార్స్ దుకాణపు కెమెరా అనే విభజన స్థిరపడింది. దుకాణంలో బిగించిన వాటికి సొంత జబ్బులు కొన్ని ఉంటాయి. కెమెరా ఎన్‌టీఎస్‌సీ, స్టీరియో ‘పాల్’ అనే మరో టీవీ పద్ధతిది అయితే బొమ్మ నలుపు తెలుపుల్లో రావడమో, దొర్లిపోవడమో జరుగుతుంది. సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది. కరెంటు రివర్స్ లైటు తీగ నుంచి లాగడం ఆనవాయితీ. కొన్ని కార్లలో కంప్యూటరు ఆ తీగకు కరెంటును తునకలు తునకలుగా పంపుతుంది. బల్బుకు తేడా తెలియదు గానీ కెమెరా బొమ్మలో అడ్డచారలు పాకుతాయి, రిలే వేస్తే పోతాయి. ఎర్త్ సరిగా లేకపోయినా చారలే.

అందరికీ వచ్చే తంటా డిక్కీ మూత దగ్గరి తీగ. మూత తెరిచి మూసినప్పుడల్లా వంగి వంగి లోపలి రాగి తెగుతుంది. మూత తెరిచి ఉంటే బొమ్మ వస్తూ, మూస్తే పోతుంటే అనుమానించవలసింది దాన్నే. పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు: 2021 డిసెంబరులో టెస్లా ఇదే కారణంగా 3,56,309 మోడల్ 3 కార్లను వెనక్కి పిలిచింది. అంతకుముందు 2020లో ఫోర్డ్ అమెరికాలో 6 లక్షలకు పైగా బండ్లను పిలిచింది. వాటిలో కెమెరా బొమ్మ వంకరపోవడమో, ఖాళీ అవడమో జరిగేది. ఆ పిలుపు సకాలంలో జరగలేదంటూ వచ్చిన వివాదం 2024 నవంబరులో 165 మిలియన్ డాలర్ల జరిమానాతో ముగిసింది. 43 డాలర్ల వస్తువుకు అది చిన్న మొత్తం కాదు.

ఇక బురద. పరిగెత్తే బండి వెనక గాలి పీడనం తగ్గి సుడులు తిరుగుతుంది. చక్రాలు లేపిన దుమ్మూ నీళ్లూ ఆ సుడిలో పడి వెనక భాగానికే అంటుకుంటాయి. నిటారుగా తెగినట్టుండే హ్యాచ్‌బ్యాక్‌లకూ, ఎస్‌యూవీలకూ ఈ బెడద ఎక్కువ. వాటికి వెనక వైపర్ ఉండేది ఇందుకే. నంబర్ ప్లేటు పైన కూర్చున్న కెమెరా ఆ సుడి నడిమధ్యలో ఉంటుంది. ఒక్క వానచుక్క లెన్స్ మీద నిలిస్తే తెరలో పావు వంతు కరిగిపోతుంది. పొడి గుడ్డతో మట్టిని రుద్దితే లెన్స్ పూతకు సన్నని గీతలు పడి, రాత్రి లైట్ల చుట్టూ శాశ్వతంగా పొగ వలయం నిలుస్తుంది. ముందు నీళ్లు పోసి మట్టిని జార్చి, ఆ తర్వాత మెత్తని గుడ్డతో అద్దాలి. లోపలి వైపు ఆవిరి పట్టిందంటే రబ్బరు సీలు పోయినట్టు. అప్పుడు తుడిచి లాభం లేదు, కెమెరా మార్చవలసిందే. కొన్ని కార్లు లెన్స్ మీదికి నీళ్లు చిమ్మే చిన్న నాజిల్ పెడుతున్నాయి. ఫోక్స్‌వ్యాగన్ కొన్ని మోడళ్లలో కెమెరాను డిక్కీ మీది గుండ్రని కంపెనీ గుర్తు వెనక దాచింది. రివర్స్ వేసినప్పుడే ఆ గుర్తు పైకి లేచి కెమెరా బయటికి తొంగిచూస్తుంది, పని కాగానే మళ్లీ మూత పడుతుంది.