బాలల్లో ఉబ్బసం: రక్తపరీక్ష సూచిక మాత్రమే, నిర్ధారణ కాదు

హైదరాబాదు తూర్పు భాగంలోని ఉప్పల్, నాచారం ప్రాంతాలలో పారిశ్రామికవాడలు, నివాస కాలనీలు పక్కపక్కనే ఉన్నాయి. పొగ, ధూళి బాలల్లో ఉబ్బసాన్ని తీవ్రతరం చేస్తాయి. గాలిలోని సూక్ష్మ ధూళికణాలకు (పీఎం 2.5) 2009 జాతీయ ప్రమాణాల ప్రకారం వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు కాగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి 5 మాత్రమే. ఈ నేపథ్యంలో ఉబ్బసం ముప్పును తెలిపే రక్తపరీక్షలపై సరైన అవగాహన అవసరం.

ఉబ్బసంలో శ్వాసనాళాల లోపలి పొర వాచి, గాలి మార్గం ఇరుకవుతుంది. అలర్జీ వలన కలిగే ఉబ్బసంలో ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు, ఐజీఈ అనే ప్రతిరక్షకం రక్తంలో పెరగవచ్చు. సీ-రియాక్టివ్ ప్రొటీన్ ఇతర ఇన్‌ఫెక్షన్లలోనూ పెరుగుతుంది కనుక అది ఉబ్బసానికి ప్రత్యేక సూచిక కాదు.

అమెరికాలోని టక్సన్ నగర బాలలపై జరిగిన దీర్ఘకాల అధ్యయనం ఆధారంగా 2000లో ఒక ముప్పు సూచిక వెలువడింది. తరచు పిల్లికూతలు వచ్చే శిశువులకు దీనిని వర్తింపజేస్తారు. తల్లిదండ్రులకు ఉబ్బసం, బిడ్డకు ఎగ్జిమా ఉండటం ఇందులో ప్రధానాంశాలు. ఇసినోఫిల్స్ 4 శాతం లేదా అంతకు మించి ఉండటం ఉప అంశం మాత్రమే.

కడుపులో నులిపురుగులున్నా ఇసినోఫిల్స్ పెరుగుతాయి. ఈ కారణంగా హెచ్చు సంఖ్యను చూసి ఉబ్బసమని నిర్ణయించరాదు. 1 నుండి 19 సంవత్సరాల వారికి జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవం సందర్భంగా 2015 నుండి ఆల్బెండజోల్ మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు.

ఐదేళ్లలోపు పిల్లల్లో లక్షణాలు, కుటుంబ చరిత్ర, మందులకు స్పందన ఆధారంగా వైద్యులు నిర్ణయానికి వస్తారు. ఆపై వయసు వారికి స్పైరోమెట్రీ తోడ్పడుతుంది. రక్తపరీక్ష సాధారణంగా ఉన్నప్పటికీ రాత్రివేళ దగ్గు, ఆయాసం, పిల్లికూతలు పదేపదే వస్తే వైద్యుని సంప్రదించాలి. వైద్యులు సూచించిన ఇన్‌హేలర్‌ను సొంత నిర్ణయంతో మానరాదు.